ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా? కరెంటు దారి వెంట తప్పు పట్టడం ఎలా

తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటర్ బోర్డులో ఎర్ర బొమ్మ ఒకటి వెలుగుతుంది. కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రటి సంచి. చాలా కార్లలో అది సుమారు 6 సెకన్లు వెలిగి ఆరిపోతుంది. ఆ కాసేపట్లో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ కరెంటు నిల్వ చేసే తన కెపాసిటర్లను నింపుకుంటుంది. ప్రతి ఎయిర్‌బ్యాగ్ వైరులోనూ చిటికెడు కరెంటు పంపి రెసిస్టెన్స్ చూస్తుంది. సెన్సర్లు పలుకుతున్నాయో లేదో కనుక్కుంటుంది, తన మెమరీని తనే సరిచూసుకుంటుంది. ఎక్కడ తేడా కనిపించినా లైటు ఆర్పదు. లైటు వెలుగుతూనే ఉన్నా కారు మామూలుగానే నడుస్తుంది, బ్రేకులూ ఏసీ అన్నీ పనిచేస్తాయి. అందుకే నెలల తరబడి పట్టించుకోని వాళ్లే ఎక్కువ. ఆ నెలల్లో ఎక్కడైనా గుద్దుకుంటే ఏ సంచి తెరుచుకుంటుందో, ఏది తెరుచుకోదో ఎవరూ చెప్పలేరు.

ఇలా లైటు వెలిగే కార్లలో అసలు సంచే పాడైనవి అరుదు. తప్పు ఎక్కువగా కరెంటు నడిచే దారిలో దొరుకుతుంది: దిగిపోయిన బ్యాటరీ, సీటు కింద లూజైన పసుపు కనెక్టర్, స్టీరింగ్ లోపల తెగిన రిబ్బన్, నీళ్లు దిగి చిలుము పట్టిన పిన్నులు. తప్పు పట్టాలంటే ముందు ఆ దారి తెలియాలి.

పెట్టె ఎక్కడుంది, దాని కరెంటు ఎక్కడిది

కంట్రోల్ యూనిట్ అంటే అరచేతిలో పట్టే అల్యూమినియం లేదా ప్లాస్టిక్ పెట్టె. గేరు రాడ్డు ముందో, హ్యాండ్‌బ్రేక్ కిందో, కారు నడిమధ్యన నేల రేకుకు బోల్టులతో గట్టిగా బిగించి ఉంటుంది. పైన ఒక బాణం గుర్తు ఉంటుంది, అది కారు ముందు వైపు చూడాలి. కుదుపును కొలిచే చిప్పు ఈ పెట్టెలోనే ఉంటుంది కాబట్టి బాడీకి తగిలిన దెబ్బ దానికి ఉన్నదున్నట్టు అందాలి. బోల్టు వదులైనా, కింద వాషర్ అదనంగా వేసినా, పెట్టెను తిప్పి బిగించినా లెక్క తప్పుతుంది.

కరెంటు బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్ మీదుగా, ఎయిర్‌బ్యాగ్ పేరుతోనో ఎస్‌ఆర్‌ఎస్ (ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థకు ఇంకో పేరు) పేరుతోనో ఉన్న ఫ్యూజు దాటి పెట్టెలోకి వస్తుంది. ఎర్త్ ఒక వైరు ద్వారా బాడీకి వెళ్తుంది, కొన్నింటిలో పెట్టె బోల్టులు కూడా ఎర్తే. లోపలికి వచ్చిన 12 వోల్టులను ఒక బూస్ట్ కన్వర్టర్ 24 నుంచి 33 వోల్టుల మధ్యకు పెంచి పెద్ద కెపాసిటర్‌లో నింపుతుంది. ఆ నిల్వ నుంచే మళ్లీ దించి ప్రాసెసర్‌కూ సెన్సర్లకూ ఇస్తుంది.

ఇంత తిప్పలు ఎందుకంటే, గుద్దుకున్నప్పుడు మొదట నలిగేది బానెట్టు కిందున్న బ్యాటరీయే. వైరు తెగిన తర్వాత కూడా సంచి తెరుచుకోవాలి. లెక్క వేసి చూడండి. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 30 వోల్టులకు నింపితే అందులో సుమారు 2.1 జౌళ్ల శక్తి ఉంటుంది. కిలో బియ్యం ప్యాకెట్టును జానెడు ఎత్తు లేపడానికి పట్టే శక్తి అంతే. ఒక్కో సంచిని పేల్చడానికి 1.2 ఆంపియర్లు 2 మిల్లీసెకన్ల పాటు కావాలి. 30 వోల్టుల నిల్వ నుంచి తీసుకుంటే అది 0.072 జౌళ్లు. రెండు ఎయిర్‌బ్యాగులు, రెండు బెల్టు ప్రీటెన్షనర్లు (గుద్దుకున్నప్పుడు బెల్టును లాగి బిగించేవి) కలిపినా 0.3 జౌళ్లు దాటదు. మిగిలింది ప్రాసెసర్ తన లెక్క ముగించేదాకా బతికి ఉండటానికి.

అయితే ఈ నిల్వ దెబ్బ తగిలిన క్షణానికే, ప్రయాణానికి కాదు. అంతకు ముందే ఇగ్నిషన్ ఆగిపోతే పెట్టె కూడా నిద్రపోతుంది. జనరల్ మోటార్స్ 2014లో షెవ్రొలే కోబాల్ట్ లాంటి మోడళ్లతో మొదలుపెట్టి సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది సరిగ్గా ఈ కారణానికే. తాళం గుత్తి బరువుకో, గతుకులో కుదుపుకో ఇగ్నిషన్ స్విచ్ ఆన్ నుంచి యాక్సెసరీ స్థానానికి జారిపోయేది. ఇంజిన్ ఆగేది, పవర్ స్టీరింగ్ ఆగేది, ఎయిర్‌బ్యాగ్ పెట్టె కూడా ఆగేది. ఆ తర్వాత చెట్టుకు గుద్దుకున్నా సంచి తెరుచుకోలేదు. ఆ స్విచ్‌తో ముడిపడ్డ 124 మరణాలకు పరిహార నిధి డబ్బు చెల్లించింది. సంచి, సెన్సర్, పెట్టె అన్నీ బాగానే ఉండి, స్విచ్‌లో ఒక చిన్న స్ప్రింగు బలం చాలకపోతే జరిగింది ఇది. మీ తాళానికి పది తాళాలు, గంట, దేవుడి బొమ్మ వేలాడుతుంటే తగ్గించుకోవడంలో నష్టమేమీ లేదు.

ఎలక్ట్రిక్ కార్లలోనూ ఈ పెట్టెకు కరెంటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ నుంచే వస్తుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్నది బలహీనమైతే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. గుద్దుకున్నప్పుడు హై వోల్టేజీని తెంచమని చెప్పేది కూడా ఈ పెట్టే.

రెండు ఓంల తీగ

ఇటు పెట్టె, అటు గ్యాస్ పుట్టించే ఇన్‌ఫ్లేటర్. రెండింటినీ కలిపేది స్క్విబ్. వెంట్రుక కంటే సన్నటి తీగ, చుట్టూ కొద్దిగా పేలుడు మందు. తీగ రెసిస్టెన్స్ 2 ఓంల చుట్టూ ఉంటుంది. వాడుకలో ఉన్న చాలా స్క్విబ్‌లు 0.4 ఆంపియర్ల కరెంటు 10 సెకన్లు పారినా పేలకూడదు, 1.2 ఆంపియర్లు 2 మిల్లీసెకన్లు పారితే తప్పక పేలాలి. పెట్టె పరీక్ష కోసం పంపేది కొన్ని పదుల మిల్లీఆంపియర్లు మాత్రమే.

ఈ అంకెలను మన షెడ్లలో దొరికే సామానుతో పోల్చండి. టెస్ట్ లాంపులో 5 వాట్ల బల్బుంటే అది 0.4 ఆంపియర్లు లాగుతుంది, అంటే సరిగ్గా గీత మీద. 21 వాట్ల ఇండికేటర్ బల్బుతో చేసిన లాంపైతే 1.75 ఆంపియర్లు. పసుపు వైరుకు ఆ లాంపు ఆనించడమంటే సంచిని చేత్తో పేల్చడమే. పాత ముల్లు మీటరు కూడా ఓంల చిన్న రేంజిలో ఎక్కువ కరెంటు తోస్తుంది. డిజిటల్ మీటరు మిల్లీఆంపియరు ఒకటి పంపినా గొప్పే, లెక్క ప్రకారం ఏమీ కాదు. అయినా దాన్ని కూడా స్క్విబ్ మీద పెట్టొద్దు. రేంజి తప్పు తిప్పడం, వేరే వైరుకు ముల్లు తగలడం క్షణంలో జరిగిపోతాయి. దానికి బదులు ఏం చేయాలో కింద ఉంది.

స్క్విబ్‌కు రెండు వైపులా రెండు స్విచ్‌లు ఉంటాయి, ఒకటి పై నుంచి కరెంటు ఇచ్చేది, ఒకటి కింద ఎర్త్ కలిపేది. రెండూ ఒకేసారి మూసుకుంటేనే కరెంటు పారుతుంది. ఒక చిప్పు పొరబడినా సంచి తెరుచుకోకూడదని పైన ఇంకో కాపలా కూడా పెట్టారు. పాత పెట్టెల్లో అది అయస్కాంతంతో కదిలే మెకానికల్ స్విచ్, ఇప్పటి వాటిలో వేరే దారిన లెక్క వేసే రెండో సెన్సర్. ముందు రేడియేటర్ దగ్గర, తలుపుల్లో ఉండే సెన్సర్లు రెండు వైర్లవి. అవే వైర్ల మీద కరెంటు తీసుకుంటూ, అవే వైర్ల మీద కరెంటును పెంచి తగ్గించి కబురు పంపుతాయి. వాటికి నేరుగా 12 వోల్టులు ఇచ్చి పరీక్షించాలని చూస్తే సెన్సర్ చావొచ్చు. ఎదురుగా గుద్దుకున్నప్పుడు 15 నుంచి 30 మిల్లీసెకన్లలో, పక్క నుంచి గుద్దితే అంతకంటే చాలా ముందే నిర్ణయం అయిపోవాలి. పక్కన మనిషికీ తలుపు రేకుకూ మధ్య జానెడు చోటే కదా.

కనెక్టర్లలో ఇంకో ఏర్పాటు ఉంది, దీన్ని గుర్తుపెట్టుకోండి. పసుపు కనెక్టర్ ఊడదీయగానే లోపల ఒక రాగి పట్టీ స్క్విబ్ రెండు పిన్నులనూ కలిపేస్తుంది. స్టాటిక్ కరెంటు వచ్చినా రెండు పిన్నులూ ఒకటే కాబట్టి తీగలో ఏమీ పారదు. కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగి లాక్ పడితేనే ఆ పట్టీ విడిపోతుంది. సగం దిగితే పట్టీ అలాగే ఉంటుంది, పెట్టెకు షార్ట్‌లా కనిపిస్తుంది.

ఇక పని మొదలు

కావలసినవి: ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్ చదవగల స్కానర్, డిజిటల్ మల్టీమీటర్, 10 నంబర్ పానా, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్, కాంటాక్ట్ క్లీనర్, 2 ఓంల రెసిస్టర్లు రెండు మూడు. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే ఈఎల్‌ఎం 327 బ్లూటూత్ రీడర్లలో చాలావాటికి ఇంజిన్ కోడ్లే (ఏ తప్పో చెప్పే గుర్తులు) తెలుస్తాయి, ఎయిర్‌బ్యాగ్ పెట్టె తెలియదు. అందులో "తప్పులేమీ లేవు" అని వచ్చిందంటే ఎయిర్‌బ్యాగ్ బాగుందని కాదు.

1. బ్యాటరీతో మొదలుపెట్టండి. ఇంజిన్ ఆపి గంట ఆగాక మీటరులో 12.4 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ముందు చార్జ్ చేయండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు పడుతుందో కూడా చూడండి. చాలా పెట్టెలు 9 వోల్టుల దగ్గర దాకా ఓర్చుకుంటాయి, అంతకంటే పడితే వోల్టేజ్ తక్కువ అనే కోడ్ రాసుకుని లైటు వెలిగిస్తాయి. కొన్ని మోడళ్లలో బ్యాటరీ మార్చినా ఆ కోడ్ తనంతట తాను పోదు, స్కానర్‌తో చెరపాలి. జంప్ స్టార్ట్ చేసిన మర్నాటి నుంచి లైటు వెలుగుతోందని వచ్చే కార్లలో కథ తరచూ ఇంతే.

2. స్కానర్ పెట్టి కోడ్లు చదవండి, వెంటనే చెరపొద్దు. కాగితం మీద రాసుకోండి. ఎయిర్‌బ్యాగ్ కోడ్లు ఎక్కువగా బి అక్షరంతో మొదలవుతాయి. కోడ్ పక్కన ఉన్న మాట ముఖ్యం. "రెసిస్టెన్స్ ఎక్కువ" లేదా "ఓపెన్" అంటే వైరు తెగింది, పిన్నుకు చిలుము పట్టింది, క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ లోపలి రిబ్బన్) తెగింది. "రెసిస్టెన్స్ తక్కువ" లేదా "షార్ట్" అంటే కనెక్టర్ పూర్తిగా దిగలేదని ముందు అనుమానించండి. "బ్యాటరీకి షార్ట్", "ఎర్త్‌కు షార్ట్" అంటే వైరు ఎక్కడో ఒరుసుకుంది, లేదా ఎలుక కొరికింది. ఇప్పుడున్న తప్పా, ఎప్పుడో వచ్చిపోయిందా అన్నది కూడా చూడండి. వచ్చిపోయిందైతే లూజ్ కాంటాక్ట్.

3. స్కానర్ నుంచి బయటికి రాకముందే లైవ్ డేటాలో పెట్టె తనకు ఎన్ని వోల్టులు అందుతున్నాయని చెబుతోందో చూడండి. అదే సమయంలో మీటరుతో బ్యాటరీ మీద కొలవండి. తేడా అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో వోల్టేజ్ పోతోంది: ఫ్యూజు కాళ్లు, ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టులు, ఎర్త్ బోల్టు. పెట్టె విప్పి పిన్ను దగ్గర కొలిస్తే ఈ తప్పు దొరకదు, ఎందుకంటే లోడు లేని తుప్పు వైరు కూడా నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. పెట్టె పని చేస్తుండగా దాని నోటితోనే చెప్పించడం మంచిది.

4. ఇక్కడి నుంచి చేతులు పెట్టాలి కాబట్టి కరెంటు తీయండి. చక్రాలు నేరుగా పెట్టి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, తాళం బయటికి తీయండి. బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టండి. తర్వాత ఆగండి. టొయోటా మాన్యువళ్లు కనీసం 90 సెకన్లు అంటాయి, హోండా 3 నిమిషాలు అంటుంది. కెపాసిటర్‌లోని 2 జౌళ్లు కారిపోవడానికి ఆ సమయం. మీ మోడల్ సంగతి తెలియకపోతే 10 నిమిషాలు పోనివ్వండి, టీ తాగి రండి. ఫ్యూజు ఒక్కటే పీకి పని మొదలుపెట్టొద్దు, పెట్టెకు రెండో దారిలో కరెంటు వచ్చే మోడళ్లు ఉన్నాయి. పనిలోకి దిగే ముందు తలుపు రేకును చేత్తో తాకండి, ఒంటి మీది స్టాటిక్ పోతుంది.

5. ముందు సీట్ల కింద చూడండి. సీటు ముందుకూ వెనక్కూ జరిగినప్పుడల్లా అక్కడి వైరు లాగబడుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టం, దొర్లిన నీళ్ల సీసా, వెనక కూర్చున్న పిల్లల బూట్లు అన్నీ ఆ పసుపు కనెక్టర్‌కే తగులుతాయి. సీటు కవర్లు వేసే వాళ్లు సీటు విప్పి, మళ్లీ బిగించేటప్పుడు కనెక్టర్ సగమే నొక్కి వదిలేయడం చాలా మామూలు. కనెక్టర్ విప్పి, పిన్నులు చూసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, లాక్ టిక్కుమనేదాకా నొక్కండి. వైరును టైతో సీటు ఫ్రేముకు కట్టండి, కానీ సీటు చివరిదాకా జరిగేంత వదులు ఉంచండి. బెల్టు బకిల్ స్విచ్ వైరు కూడా అక్కడే ఉంటుంది. అది చాలా కార్లలో మామూలు స్విచ్ కాదు, బెల్టు పెట్టినప్పుడు ఒక కరెంటు, తీసినప్పుడు ఇంకో కరెంటు లాగే హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టేది). రెండు వైర్లు కలిపేసి బెల్టు పెట్టినట్టు చూపించాలని చూస్తే కోడ్ రాస్తుంది. బెల్టు క్లిప్పు ఒట్టిగా గుచ్చి బీప్ ఆపే వాళ్లయితే పెట్టెతో అబద్ధం చెప్పిస్తున్నారు. బెల్టు పెట్టుకున్నాడని నమ్మి అది సంచిని తెరుస్తుంది, మనిషేమో అప్పటికే ముందుకు తూలి సంచి మీదే ఉంటాడు.

ఎలుకలు కొరికిన వైరు దొరికితే టేపు చుట్టి వదిలేయకండి. ఎయిర్‌బ్యాగ్ వైర్లను మెలితిప్పి అతికించడాన్ని చాలా కంపెనీలు ఒప్పుకోవు, ఆ భాగం హార్నెస్ (వైర్ల కట్ట) మార్చమంటాయి. 2 ఓంల దారిలో ఒక ఓం పెరిగినా పెట్టెకు తెలిసిపోతుంది, తడి తగిలిన అతుకు కొన్నాళ్లకు అంత పెరగొచ్చు.

6. కోడ్ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ మీద ఉండి, దానితో పాటు హారన్ గానీ స్టీరింగ్ మీది ఆడియో బటన్లు గానీ చచ్చిపోతే క్లాక్ స్ప్రింగ్ తెగినట్టే. మన మెకానిక్కులు స్పైరల్ కేబుల్ అంటారు. తిరిగే స్టీరింగ్‌కూ, తిరగని కాలమ్‌కూ మధ్య గడియారం స్ప్రింగులా చుట్టుకున్న పట్టీ వైరు అది. స్టీరింగ్ ఒక వైపు తిప్పినప్పుడే లైటు వెలుగుతుంటే ఇంకా పూర్తిగా తెగలేదన్నమాట.

కొత్తది వేసేటప్పుడు మధ్యస్థానం కుదరాలి. చక్రాలు నేరుగా ఉంచి, కేబుల్‌ను ఒక చివరిదాకా మెల్లగా తిప్పి, అక్కడి నుంచి దాని మీది స్టిక్కర్ చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పి, గుర్తులు కలపాలి. చాలావాటిలో అది సుమారు రెండున్నర చుట్లు. ఈ పని ఎగ్గొడితే మొదటిసారి పార్కింగ్‌లో స్టీరింగ్ మొత్తం తిప్పగానే కొత్త రిబ్బన్ తెగుతుంది, మళ్లీ డబ్బు దండగ.

విప్పిన ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను గుడ్డ వైపు, అంటే హారన్ ముఖం, పైకి చూసేలా బల్ల మీద పెట్టండి. బోర్లా పెడితే, పొరపాటున పేలినప్పుడు మాడ్యూలే రాకెట్టులా లేస్తుంది. మోసేటప్పుడు ఆ ముఖం ఒంటి వైపు ఉండకూడదు.

7. తప్పు సంచిదా, వైరుదా అని తేల్చడానికి రెసిస్టర్ వాడండి. కరెంటు తీసి, ఆగి, కోడ్ వచ్చిన మాడ్యూల్ దగ్గర కనెక్టర్ ఊడదీసి, హార్నెస్ వైపు 2 ఓంల రెసిస్టర్ పెట్టండి. దానికి సరిపోయే అడాప్టర్ ఉంటే మేలు, లేకపోతే పిన్నులు వెడల్పు చేయకుండా జాగ్రత్తపడండి. కనెక్టర్‌లోని షార్టింగ్ పట్టీ విడిపోయిందో లేదో చూడండి, లేకపోతే పరీక్షే తప్పవుతుంది. బ్యాటరీ కలిపి, కోడ్ చెరిపి, మళ్లీ చదవండి. కోడ్ పోతే తప్పు మాడ్యూల్‌లో. పోకపోతే పెట్టె వైపు ఇంకో కనెక్టర్ దగ్గరికి వెళ్లి అదే పని మళ్లీ చేయండి. క్లాక్ స్ప్రింగ్‌కు ముందూ వెనకా ఇలా చేస్తే తప్పు దేనిలో ఉందో సూటిగా దొరుకుతుంది. పరీక్ష అవగానే రెసిస్టర్ తీసేయాలి. దాన్ని లోపలే వదిలేసి లైటు ఆర్పి కారు అమ్మేవాళ్లు ఉన్నారు. పెట్టె దృష్టిలో ఆ 2 ఓంలు సంచితో సమానం.

8. ఇంతదాకా ఏమీ దొరకకపోతే పెట్టె దగ్గరికి రండి. ముందు ఎయిర్‌బ్యాగులన్నీ, ప్రీటెన్షనర్లన్నీ వాటి దగ్గర ఊడదీయండి, ఆ తర్వాతే పెట్టె కనెక్టర్ విప్పండి. అప్పుడు బ్యాటరీ కలిపి డయాగ్రమ్‌లో చూపిన సప్లై పిన్నులోనూ ఎర్త్ పిన్నులోనూ కొలవచ్చు. పక్క పిన్నులకు ముల్లు తగలకూడదు. పిన్నుల మీద పచ్చటి చిలుము, కార్పెట్ కింద చెమ్మ, పెట్టె అడుగున బురద గీత ఉంటే నీళ్లు వచ్చినట్టే. కారు లోపల అన్నిటికంటే కింద ఉండే కంప్యూటర్లలో ఇదొకటి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వచ్చిన వరదల్లో సీటు దాకా మునిగిన కార్లకు మొదట తడిసింది ఈ పెట్టె పరిసరాలే. తడిసిన పెట్టెను ఎండబెట్టి వాడొద్దు. పైకి ఆరినా బోర్డు మీద ఉప్పు పేరుకుని నెలల తర్వాత కోడ్లు మొదలవుతాయి. ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి కాళ్ల దగ్గర కారే కార్లలోనూ ఇదే జరుగుతుంది, వరద అక్కర్లేదు.

9. బిగించే వరుస తప్పొద్దు. మొదట పెట్టె బోల్టులు, మాన్యువల్ చెప్పిన టార్క్‌తో, బాణం ముందుకు. తర్వాత పెట్టె కనెక్టర్, తర్వాత సంచుల కనెక్టర్లు, చివర బ్యాటరీ. బోల్టులు వేయకుండా కరెంటు ఇచ్చి పెట్టెను చేత్తో పట్టుకున్నారనుకోండి, అది జారి నేల మీద పడిన కుదుపు కూడా దానికి యాక్సిడెంటులాగే కనిపించవచ్చు. అదే కారణానికి ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా కన్సోల్ దగ్గర సుత్తి వాడకూడదు. బ్యాటరీ కలిపేటప్పుడు కారులో ఎవరూ ఉండకూడదు. ఇగ్నిషన్ ఆన్ చేసేటప్పుడు తల, ఛాతీ స్టీరింగ్‌కు ఎదురుగా లేకుండా పక్కకు ఉండి తిప్పండి. కోడ్లు చెరిపాక స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, సీట్లు ముందుకూ వెనక్కూ జరిపి, గతుకుల దారిలో పది నిమిషాలు నడిపి మళ్లీ చదవండి.

సంచి తెరుచుకున్న తర్వాత

ఒకసారి పేలిన సంచిని కుట్టి మళ్లీ వాడటం లేదు, కొత్తదే. దానితో పాటు లాగిన ప్రీటెన్షనర్లు, ముందు సెన్సర్లు, క్లాక్ స్ప్రింగ్, కాలిన వైర్లు కూడా మారాలి. పెట్టె దెబ్బ వివరాలన్నీ మెమరీలో రాసుకుని తాళం వేసుకుంటుంది. బయట ఆ మెమరీ చెరిపి ఇచ్చేవాళ్లు ఉన్నారు, కొత్త పెట్టె ధరతో చూస్తే అది చవకే. కానీ మెమరీ చెరిపినంత మాత్రాన ఆ దెబ్బలో స్క్విబ్ స్విచ్‌లకు, కెపాసిటర్‌కు, చిప్పులకు ఏమైందో తెలియదు. నలుగుతున్న ముందు సెన్సర్ల వైర్ల మీదుగా వచ్చే కరెంటు పోటు ఒక రకం చిప్పును దెబ్బతీస్తోందన్న అనుమానంతో అమెరికా రవాణా భద్రతా సంస్థ 2019లో సుమారు 1.23 కోట్ల వాహనాలపై విచారణ విస్తరించింది. ఆ మరుసటి ఏడాది జనవరిలో టొయోటా ఈ కారణంతోనే దాదాపు 34 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. కొత్త పెట్టెల్లోనే అలా జరిగినప్పుడు, ఒక గుద్దు తిన్న పెట్టెను నమ్మడం ఎందుకు? సెకండ్ హ్యాండ్ పెట్టె అయినా అంతే. పార్ట్ నంబరు ఒకటే అయినా అది వచ్చిన కారులో ఎన్ని సంచులున్నాయో దాని కాన్ఫిగరేషన్‌లో రాసి ఉంటుంది, మీ కారుతో కుదరకపోతే లైటు ఆరదు.

సంచి తెరుచుకోలేదని ఫిర్యాదు చేసే ముందు ఒక సంగతి. ముందు సంచులు సాధారణంగా గట్టి గోడకు గంటకు 13 నుంచి 23 కి.మీ. వేగంతో గుద్దుకున్నంత, అంతకు మించిన దెబ్బకు తెరుచుకునేలా తయారవుతాయి. లారీ వెనక కిందికి దూరిపోతే, లేదా స్తంభానికి ఒక మూల ఒరుసుకుంటే బానెట్టు నుజ్జయినా నడిమధ్య పెట్టెకు అందే కుదుపు నెమ్మదిగా, తక్కువగా ఉండొచ్చు. వెనక నుంచి గుద్దితే ముందు సంచులకు పనే లేదు. ముందు బుల్ బార్ బిగించుకున్న కార్లలో ఛాసిస్‌కు దెబ్బ అందే తీరే మారిపోతుంది, కంపెనీ పరీక్షించి రాసిన లెక్క దానికి వర్తించదు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో బుల్ బార్లు తీయించమని రాష్ట్రాలకు చెప్పింది. సీటు పక్కన సంచి ఉన్న కార్లలో దాని కుట్టు మీదుగా మందపాటి కవర్ వేస్తే సంచి బయటికి రాలేదు. ఆ పక్క తెరిచి ఉన్న కవర్లే కొనండి.

పాత కారు కొనేటప్పుడు

మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై 1 నుంచి తప్పనిసరి. పక్క సీటుకు కొత్త మోడళ్లలో 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లలో ఆ ఏడాది చివరి నుంచి. అంటే 2022 నుంచి తయారైన చిన్న కార్లలో కూడా కనీసం రెండున్నాయి. ఉన్నాయని నమ్మే ముందు ఇలా చూడండి.

ఇగ్నిషన్ ఆన్ చేసి ఎయిర్‌బ్యాగ్ లైటు మీదే కళ్లు పెట్టండి. అసలు వెలగకపోతే బల్బో ఎల్‌ఈడీయో తీసేశారు. ఆయిల్ లైటుతో, లేదా ఏబీఎస్ లైటుతో సరిగ్గా కలిసి వెలిగి కలిసి ఆరుతుంటే రెండింటి వైరూ ఒకటి చేశారేమో అనుమానించండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆన్‌లోనే ఉంచి చూడండి: ఆయిల్ లైటు అలాగే ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ లైటు తనంతట తాను ఆరిపోవాలి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ అనే దీపం వేరు, అది స్విచ్ ఆఫ్ చేసినందుకు వెలిగేది, తప్పు కాదు. తర్వాత స్కానర్ పెట్టించి, ఎయిర్‌బ్యాగ్ పెట్టె పలుకుతోందా, దెబ్బ తగిలినట్టు కోడ్ ఉందా చూడమనండి. లైవ్ డేటాలో స్క్విబ్ రెసిస్టెన్సులు కనిపించే స్కానరైతే ఇంకా మంచిది. నిజమైన సంచుల అంకెల్లో కొద్దిపాటి తేడాలుంటాయి. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే అంకె చూపిస్తుంటే స్టీరింగ్ కవర్ విప్పించి లోపల సంచి ఉందో, రెసిస్టర్ ఉందో చూసే దాకా బయానా ఇవ్వకండి. విప్పించే ముందు బ్యాటరీ తీసి ఆగాలన్నది అమ్మేవాడికి గుర్తు చేయండి.